పాదుకలు మోసుకొచ్చే మనిషి

వెండేరు అనే నదికి ఉత్తరపు గట్టున కంకణగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని రణకేసరి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కానీ తన మాట మీద తనకున్నంత గౌరవం ఆ రాజ్యంలో మరెవరికీ ఉండేది కాదు. ఆయన తీర్పు చెబితే రాయసగాడు అక్కడికక్కడే రాసుకోవాలి, కింద రాజముద్ర పడాలి, ఆపైన దాన్ని రాగిరేకు మీద చెక్కించాలి. కోడిపెట్ట ఎవరిదన్న తగవు తీర్చినా సరే, రాగిరేకే. అలాంటి రేకులతో కోటలో రెండు గదులు నిండిపోయాయి.

ఆయన కొలువులో పేరిభట్టు అనే చతురుడు ఉండేవాడు. అరవయ్యో పడిలో పడ్డాడు. రాజుగారి మొహం చిట్లితే దాన్ని విప్పడమే అతని ఉద్యోగం. ముప్ఫై ఏళ్లుగా ఆ పని చేస్తూ, చేసిన ప్రతిసారీ సభ నవ్వుతుంటే విని, ఇంటికెళ్లి సుఖంగా నిద్రపోయేవాడు.

ఆ ఏడు శ్రావణం మొదలుకొని రాజుగారికి నిద్ర కరువైంది. కన్ను మూస్తే చాలు, కల. గావుకేక పెట్టి లేచి కూర్చునేవాడు. మళ్లీ పడుకోవడానికి భయం. పొద్దున్నే కొలువుకొచ్చి సింహాసనం మీదే కునుకు తీసేవాడు. కునుకులోనూ ఉలిక్కిపడేవాడు. కళ్లు గుంటలు పడ్డాయి, భుజకీర్తులు వదులై జారిపోతున్నాయి. వైద్యుడు గసగసాల పాలు ఇచ్చాడు. పురోహితుడు శాంతి చేయించాడు. పాలు తాగాక కల ఇంకాస్త పొడుగ్గా వచ్చింది, అంతే.

ఒకనాడు నిండు కొలువులో రాజుగారు పీఠం మీద చరిచాడు.

"మా శయనమందిరంలోకి రోజూ ఎవడో చొరబడుతున్నాడు. కావలివాళ్లు ఎనమండుగురు ఏం చేస్తున్నట్టు? ఆ ఎనమండుగురినీ చెరలో వేయించాం. వాడు దొరక్కపోతే వచ్చే శుక్రవారం వాళ్లను రాజ్యం దాటిస్తాం!"

ఆ చొరబడేవాడు కలలోని మనిషని సభలో అందరికీ తెలుసు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. బయట ఆ కావలివాళ్ల ఆడవాళ్లు తెల్లవారినప్పటి నుంచీ ఎండలోనే నిలబడి ఉన్నారు.

స్వప్నశాస్త్రంలో దిట్టనని చెప్పుకునే శార్ఙ్గపాణి శాస్త్రులు లేచాడు. "ఏలినవారు కలలో ఏం చూస్తున్నారో సెలవిస్తే..."

"నీళ్లు," అన్నాడు రాజు. "గడప దాటి గదిలోకి నీళ్లు వస్తాయి. మంచం అంచు దాకా వస్తాయి. ఆ నీళ్లలో గుమ్మం దగ్గర ఒకడు నిలబడి ఉంటాడు. ఒళ్లంతా తడి. మొహం కనపడదు. చేతుల్లో..." రాజు గొంతు తగ్గింది. "చేతుల్లో పాదుకలు ఉంటాయి. మా వైపు చాపుతాడు. ఏదో అనబోతాడు. ఈలోగా మాకు మెలకువ వస్తుంది."

"దివ్యం!" అన్నాడు శాస్త్రులు. "జలం సంపద. పాదుకలు పట్టుకున్నవాడు సామంతుడు. ఏలినవారికి సముద్రం దాకా రాజ్యం సిద్ధిస్తుంది!"

"సముద్రం దాకా రాజ్యం తెచ్చేవాడిని చూసి మేమెందుకు కేకలు పెడుతున్నామయ్యా?" అని రాజు కసిరాడు. శాస్త్రులు కూర్చున్నాడు.

పాదుకలు అన్న మాట చెవిన పడగానే పేరిభట్టుకి వెండేటి రేవు గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కిందటి మాట. వెండేటి అవతలి గట్టున కొత్త కోటకి శంకుస్థాపన ముహూర్తం పెట్టారు. ముహూర్తంనాటికి ఏరు వరద మీద ఉంది. రాజుగారు పడవ ఎక్కొద్దని రాణిగారు అడ్డుపడింది. ముహూర్తం తప్పకూడదు, రాజాజ్ఞ అంతకన్నా తప్పకూడదు. అందుకని తన బదులు తన బంగారు పాదుకలు ఏరు దాటాలన్నాడు రాజు. రేవు నడిపే పోలయ్య చేతులు జోడించాడు. "రేపటిదాకా ఆగండి బాబూ, నీటి పోకడ బాగోలేదు" అన్నాడు. రాజుగారి మొహం చిట్లింది. అప్పుడు పేరిభట్టు తన ఉద్యోగం తాను చేశాడు.

"ప్రభూ, వీణ్ణి రేవులో ఎందుకు పెట్టారు? వంటింట్లో పెట్టండి. నీళ్లంటే ఇంత భయమున్నవాడు పొయ్యి దగ్గర బాగా పనికొస్తాడు!"

గట్టున ఉన్న మూడొందల మందీ నవ్వారు. పోలయ్య ఎవరి వంకా చూడలేదు. పాదుకలు తలపాగాలో చుట్టుకుని, పడవ విప్పుకుని వెళ్లిపోయాడు. నడి ఏట్లో పడవ ఒక్కసారి లేచి పక్కకి ఒరిగింది. అంతే. మనిషీ దొరకలేదు, పాదుకలూ దొరకలేదు. పాదుకలు పోగొట్టిన నేరానికి పోలయ్య ఇంటివాళ్లకి రేవు మీద ఉన్న హక్కు తీసేసి మరొకరికిచ్చారు. ఆ తీర్పు కూడా రాగిరేకు మీద ఉంది.

"పేరిభట్టూ!" రాజు పిలుపుతో ఉలిక్కిపడ్డాడు. "ముప్ఫై ఏళ్లు మా ఉప్పు తిన్నావు. ఈ కొలువులో అందరికన్నా తెలివైనవాడివని పేరు. శుక్రవారంలోగా ఆ చొరబడేవాణ్ణి పట్టుకొచ్చి నిలబెట్టు. లేదా ఆ ఎనమండుగురి వెంట తొమ్మిదోవాడివై నువ్వూ నడువు."

"చిత్తం," అన్నాడు పేరిభట్టు.

మరునాడు అతను రేవుకి వెళ్లాడు. పోలయ్య భార్య నూకాలు ఎక్కడుంటుందని అడిగితే, ఏటి దిగువకి అర కోసు దూరంలో ఇసుకలో పాక వేసుకుందని చెప్పారు. వెళ్లాడు. ఆమె పాక ముందు కూర్చుని ఎవరిదో చిరిగిన వల బాగుచేస్తోంది. నడివయసు మనిషి, జుట్టు సగం నెరిసింది. పేరిభట్టు సర్వి చెట్ల తోపు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. దగ్గరికి వెళ్లి చెప్పాల్సిన మాట ఏమిటో అతనికి తెలుసు. నిండు సభలో ఎంత మాటైనా అనగలిగిన నోరు అక్కడ పెగల్లేదు. ఆమె వల మడిచి లోపలికి వెళ్లాక వెనక్కి తిరిగాడు.

శుక్రవారం వచ్చింది. కొలువు కిటకిటలాడుతోంది. ఎనమండుగురు కావలివాళ్లనీ సంకెళ్లతో తెచ్చి ఒక పక్కన నిలబెట్టారు.

"ఏడీ వాడు?" అన్నాడు రాజు.

"తెచ్చాను ప్రభూ. కానీ వాణ్ణి మీ ముందు నిలబెట్టే ముందు ఒక ధర్మసందేహం ఉంది. ఇలాంటి చిక్కులు తీర్చడం ఈ భూమ్మీద ఏలినవారికే చెల్లు. అందుకని అడుగుతున్నాను."

రాజుగారు కాస్త నిటారుగా కూర్చున్నాడు. "అడుగు."

"ఒక పెద్దమనిషి ఒక పనివాడికి ఒక వస్తువు ఇచ్చి, ఫలానా చోట చేర్చమన్నాడు. పనివాడు చేర్చలేకపోయాడు. వస్తువు కాజేయలేదు, పారేయలేదు. తిరిగి ఇచ్చేద్దామని పెద్దమనిషి గుమ్మం దగ్గరికి రోజూ వస్తున్నాడు. పెద్దమనిషేమో వాణ్ణి చూడగానే కేకలు పెట్టి తలుపేసుకుంటున్నాడు. వాడు రేపు మళ్లీ వస్తాడు. ఏం చెయ్యగలడు? చేతిలో బరువు దించుకునేవాడు లేడాయె. ఈ పనివాడు దొంగ అవుతాడా?"

"ఎలా అవుతాడు? ఇవ్వడానికొచ్చినవాడు దొంగా?"

"మరి గుమ్మం దగ్గరి కావలివాళ్లు వాణ్ణి ఆపలేదే. వాళ్లది తప్పా?"

"కాదు. యజమాని పని మీద వచ్చినవాణ్ణి ఆపడమే తప్పు."

"మరి తప్పెవరిది ప్రభూ?"

"పెద్దమనిషిది!" రాజుగారి గొంతు ఖంగుమంది. నలభై రోజుల తర్వాత ఆ గొంతు అలా మోగడం అదే మొదలు. "బరువు ఎత్తించినవాడే దించుకోవాలి. పిరికిపందలా తలుపేసుకుంటాడా? వాడే ఆ పనివాడి ఇంటికి వెళ్లాలి. గొడుగూ పల్లకీ లేకుండా నడిచి వెళ్లాలి. తప్పు నాది అని చెప్పాలి. ఇదీ మా తీర్పు! రాయసం, రాశావా?"

రాయసగాడు రాశాడు. లక్క కరిగించారు. రాజుగారు స్వయంగా ముద్ర వేశాడు.

పేరిభట్టు ఆ పత్రం తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ప్రభూ, ఆ పనివాడు రేవు పోలయ్య. ఆ పాదుకలు ఏలినవారివి. వెళ్లనన్నవాణ్ణి నవ్వులపాలు చేసి పడవ ఎక్కించింది నేను. తీర్పులో నా పేరు కూడా చేర్చమని వేడుకుంటున్నాను."

రాజుగారి చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్లింది.

"ముద్ర ఇంకా ఆరలేదు," అన్నాడు పేరిభట్టు. "వేలితో నొక్కితే చెరిగిపోతుంది. ఎవరం చూడలేదంటాం. ఈ సభకి అది అలవాటే."

రాజు ఆ ఎర్రటి లక్క వంక చూశాడు. కావలివాళ్ల సంకెళ్ల వంక చూశాడు. కత్తి పిడి మీది నుంచి చెయ్యి తీసేశాడు. ఉన్నట్టుండి నవ్వాడు. బొంగురు నవ్వు, సగంలో ఎక్కడో దగ్గులా విరిగిపోయింది.

"నా నోటితోనే నాకు శిక్ష వేయించావు గదయ్యా! నాకు వాడి మొహం కనపడదన్నాను. అబద్ధం. మొదటిరోజే కనపడింది." కళ్లు తుడుచుకుని, "ఆ సంకెళ్లు తియ్యండి" అన్నాడు.

ఆ పొద్దే ఇద్దరూ నూకాలు పాకకి నడిచారు. ఇసుకలో రాజుగారి కాళ్లు కాలాయి. కాలినట్టు ఆయన చెప్పలేదు.

నూకాలు లేచి నిలబడింది. దణ్ణం పెట్టలేదు. చేతిలో వల అలాగే ఉంది.

"వరద మీద పంపింది నేను," అన్నాడు రాజు. "వద్దన్నాడు, వినలేదు. తప్పు నాది. పైగా మీ రేవు లాక్కున్నాను. ఇవాళ్టి నుంచి రేవు మీదే."

పేరిభట్టు ముందుకొచ్చాడు.

"అమ్మా, పోలయ్యని చూసి అంతమందీ నవ్వేలా చేసిన మాట నాది. నీళ్లంటే భయమన్నాను. పొయ్యి దగ్గర పెట్టమన్నాను."

నూకాలు అతని వంక చూసింది.

"నాకు తెలీదు అయ్యగారూ," అంది. "ఎవరేమన్నారో చెప్పడానికి ఆ రోజు ఆయన ఇంటికి రాలేదు గదా."

పేరిభట్టు తల దించుకున్నాడు.

రాజు తన కల గురించి చెప్పాడు. నీళ్లు, గుమ్మం, చాపిన చేతులు. ఆమె వల కింద పెట్టేసి విన్నది.

"నాకూ వస్తాడు బాబూ. దూరంగా, ఏటి మధ్యన. మాట్లాడడు. మీతో ఏమన్నా అన్నాడా?"

"అనబోతాడు. ఈలోగా నేను కేక పెడతాను."

"కేక పెట్టకండి," అంది ఆమె. బతిమాలుతున్నట్టుగానూ ఉంది, కసురుతున్నట్టుగానూ ఉంది. "గట్టిగా అరిస్తే ఆయన బెదురుతాడు, మొదటి నుంచీ అంతే. పడుకోబోయే ముందే మనసులో అనుకోండి. వస్తాడు, వస్తే ఇది అనాలి, అని. వచ్చాక పేరు పెట్టి పిలవండి. ఆ పాదుకలేవో అక్కడ పెట్టెయ్యమనండి. చేతులు నొప్పెట్టి ఉంటాయి. ఆయనేం అంటాడో విని, నాకు కబురు పెట్టండి."

రాజు సరేనన్నాడు. రోజూ పడుకోబోయే ముందు ఆ మాటలే వల్లించుకున్నాడు. మొదట్లో కల వచ్చినప్పుడల్లా పాత కేకే నోట్లోంచి వచ్చింది. నాలుగో రోజు కేక రాలేదు గానీ మాటా రాలేదు. పడుకోవడానికి భయం మాత్రం కొంచెం కొంచెంగా తగ్గింది.

పన్నెండు రోజుల తర్వాత రాజుగారు మొహం కడుక్కుని, నిదానంగా కొలువుకొచ్చాడు. పేరిభట్టుని దగ్గరికి పిలిచాడు.

"పిలిచానయ్యా. 'పోలయ్యా, అక్కడ పెట్టెయ్' అన్నాను. పెట్టేశాడు. చేతులు పంచెకి తుడుచుకున్నాడు. గదంతా కలియజూసి ఏమన్నాడో తెలుసా? 'ఇంత పెద్ద గదిలో ఒక్కరే పడుకుంటారా బాబూ!' అన్నాడు."

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. "నూకాలుకి కబురు పెట్టాను. అది అచ్చం ఆయన మాటేనందట. నవ్విందట. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చిందట."

"ఇప్పుడు నిద్ర పడుతోందా ప్రభూ?"

"కల ఇంకా వస్తూనే ఉంది. వచ్చి పోతుంది. నేను లేచి కూర్చోను, అంతే." రాజు తన భుజం మీది జరీశాలువా తీసి పేరిభట్టుకి కప్పాడు. చేతి కడియం తీసి తొడిగాడు. సభ చప్పట్లు కొట్టింది. "నీ తెలివి నాకు నిద్ర తెచ్చిపెట్టింది. అవునూ, ఆ రోజు పోలయ్యని ఆ మాట అన్నది నువ్వు కదా. మరి వాడు నీ కలలోకి రాడా?"

"రాడు ప్రభూ," అన్నాడు పేరిభట్టు. "నాలుగేళ్లూ నేను హాయిగా నిద్రపోయాను."

అదేదో చమత్కారం అనుకుని రాజు నవ్వబోయాడు. పేరిభట్టు మొహం చూసి ఆగిపోయాడు.