సొరంగదారిలో పచ్చతీగ

మా గురువు అప్పలాచారి గారు అడిగిన ప్రశ్నకు నోటితో జవాబు చెప్పిన పాపాన పోలేదు. పింగాణీ పలకల పనిలో ఆయనంతటి వాడు ఈ తీరంలో ముందు లేడు, ఇక రాడు. ఆయన శిష్యుల్లో నా అంతటి వాడు లేడని వేరే చెప్పాలా? నేను ఉలి పెట్టి గోడ మీంచి పలక ఊడదీస్తే, ఊడిన సంగతి గోడకు మర్నాటికి గానీ తెలిసేది కాదు.

మా జంక్షన్ స్టేషన్లో ప్లాట్‌ఫారాల కింద నుంచి ఊళ్లోకి పోయే సొరంగదారి ఉంది. తాతల నాటిది. రెండు పక్కలా తెల్లటి పింగాణీ పలకలు, వాటి నడుమ మనిషి నడుము ఎత్తున ఉబ్బెత్తుగా తీగ బొమ్మ తేలిన ఆకుపచ్చ పలకల పట్టీ. అక్కడక్కడ తీగ పలకలు రాలిపోయాయి. గోడ బాగుచేసే పని మాకు అప్పగించారు. ఆ పని చూస్తున్నది నా తర్వాత చేరిన నూకరత్నం. తనకది మొదటి పెద్ద పని. మూడో రోజు మధ్యాహ్నం రైల్వే ఇంజనీరు వస్తాడు. పాత గోడ నిలబెడతారో, మొత్తం గునపం పెట్టి పడగొట్టి కొత్తది కడతారో ఆ పిల్ల చెప్పే మాట మీద ఉంది.

గురువుగారు రాలిన చోట్లకు కొత్త తీగ పలకలు కాల్పించారు. ఎన్నిసార్లు కాల్చినా పచ్చ కాస్త లేతగానే తేలింది. నూకరత్నానికి అది మింగుడు పడలేదు.

"గురువుగారూ, పాత పలకల మధ్య ఇవి అతికిస్తే ఆ గోడ పాతదా, కొత్తదా? అటూ ఇటూ కాకుండా పోతుంది. మిగిలిన పాతవి జాగ్రత్తగా తీసి వెయిటింగ్ హాల్లో అద్దాల బీరువాలో పెడదాం. గోడకు అంతా కొత్తవి నున్నగా వేసేద్దాం. పాతదీ దక్కుతుంది, కొత్తదీ కుదురుతుంది. తప్పంటారా?"

గురువుగారు గోడ వైపు చెయ్యి చూపించారు. "ఎడమ పక్క నీ ఇష్టప్రకారం చేసి చూడు. పోలినాయుడూ, తీగ తియ్యి" అన్నారు.

తీశాను. రెండు రైళ్ల నడుమ ఆ పక్క తీగంతా ఊడదీశాను. ఒక్క పలక మీద గీత పడి ఉంటే నా పేరు మార్చుకుంటాను. సాయంత్రానికి నూకరత్నం ఆ చోట నున్నటి పలకలు పరిచింది. గోడ అద్దంలా మెరిసింది.

మర్నాడు పొద్దున్న సముద్రం వైపు నుంచి ప్యాసింజరు వచ్చింది. చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వరుసగా సొరంగంలోకి దిగారు. ముందున్నది ఎర్రయ్యమ్మ. నాలుగడుగులు వేసి గోడ పక్కనే నిలబడిపోయింది. ఎడమ చెయ్యి గోడ మీద పైకీ కిందికీ పాకుతోంది. వెనక వాళ్లు వచ్చి ఆమెకు తగిలారు. గంప ఒరిగింది. నేను ఒంటిచేత్తో ఆపాను గనక సరిపోయింది, లేకపోతే ఆ చేపలు మెట్లెక్కి సముద్రం దాకా నడుచుకుంటూ పోయేవి.

"ఎవులు బాబూ ఈ గోడ గొరిగేసినారు?" అంది ఎర్రయ్యమ్మ.

"బాగు చేశామమ్మా" అంది నూకరత్నం.

"బాగే. నెత్తి మీద గంపుంటే తలొంచి కిందకి సూడగలనేటి? సెయ్యే దారి సూసుకుంటాది. తీగ అయిపోనాదంటే మెట్టు వొచ్చినట్టు. రాలిపోయిన కాడ తడుముకుంటా పోయీదాన్ని. ఇప్పుడు మెట్టెక్కడుందో నీ అద్దాన్ని అడగాలేటి?"

వెనకున్న వాళ్లు నవ్వారు. నూకరత్నం ముఖం ఎర్రబడింది. తన చెయ్యే ఇచ్చి ఎర్రయ్యమ్మను మెట్ల దాకా నడిపించుకు వెళ్లింది. తిరిగి వచ్చాక కుడి గోడ మీద తీగ ఆగే చోటు చూసింది. మొదటి మెట్టుకు సరిగ్గా ఒక అడుగు ముందు. ఇన్నాళ్లూ అది గోడకు పెట్టిన సొగసనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను గానీ పైకి అనలేదు.

గురువుగారు లేత పచ్చ పలకల బుట్ట ఆమె ముందు పెట్టి వెళ్లిపోయారు.

ఆ రోజంతా నున్నటి పలకలు తీసేసి పాత పలకలను వాటి వాటి చోట నేను పెట్టాను, ఖాళీల్లో కొత్తవి తను పెట్టింది. పెట్టిన ప్రతిసారీ వెనక్కి జరిగి రంగు చూసుకునేది, మూతి ముడుచుకునేది. "దూరాన్నించి అతుకులు కనబడుతున్నాయి అన్నయ్యా" అంది. కనబడుతూనే ఉన్నాయి. నా అంతటి వాడు పక్కన ఉన్నా కనబడ్డాయి.

మూడో రోజు పొద్దున్న ప్యాసింజరు వచ్చింది. ఎర్రయ్యమ్మ గోడ వైపు అనుమానంగా చూసి, చెయ్యి ఆనించి, నడవడం మొదలుపెట్టింది. నూకరత్నం ఆ చేతి పక్కనే నడిచింది. చెయ్యి ముదురు పచ్చ మీద నడిచింది, లేత పచ్చ మీద నడిచింది, మళ్లీ ముదురు పచ్చ మీదికి వెళ్లింది. తీగ అయిపోగానే ఎర్రయ్యమ్మ పాదం ఎత్తి మెట్టు మీద వేసింది. వెనకాల గంపలన్నీ ఒకదాని వెంట ఒకటి వెలుగులోకి ఎక్కిపోయాయి.

నూకరత్నం గురువుగారి దగ్గరికి వచ్చింది. "ఇంకాసేపట్లో ఇంజనీరుగారు వస్తారు. ఇది పాత గోడని చెప్పనా, కొత్త గోడని చెప్పనా?"

గురువుగారు చేతులు కడుక్కుంటూ అన్నారు: "పాతకూ కొత్తకూ నడుమ ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగిందో, అది చెప్పమ్మా."