కనుమలో కూర్చున్న ఓబెద్

అనగనగా, ఏడు సముద్రాలు దాటాక, ఓడ నడిపేవాళ్లు కూడా దారి మరిచిపోయేంత దూరాన, రాజు లేని దేశం ఒకటి ఉండేది. ఇప్పుడు అమెరికా అంటున్నామే, ఆ దిక్కునే.

రాజు లేకపోతే దేశం ఎట్లా నడుస్తుందని అడుగుతారు మీరు. నేనూ మా అమ్మమ్మని అదే అడిగాను.

"జనమే ఒకడిని ఎంచుకుంటారురా. అధ్యక్షుడని పేరు పెట్టి నాలుగేళ్లు తెల్లమేడలో కూర్చోబెడతారు. తర్వాత మళ్లీ ఎంచుకుంటారు" అంది.

"మరి ఓడిపోయినవాణ్ణి ఏం చేస్తారు? చంపేస్తారా?"

అమ్మమ్మ నవ్వి ఈ కథ చెప్పింది.

ఆ దేశంలో మంచు కురిసే ఒక చిన్న ఊళ్లో ఓబెద్ అనేవాడు తోళ్లు పదును చేసి బతికేవాడు. మోచేతుల దాకా తోళ్లు నానబెట్టే చెట్టుబెరడు రంగు. ఒళ్లంతా తోలు వాసన. భార్య పేరు హెప్సీ. ఆమెదీ అదే రంగు, అదే వాసన.

ఓబెద్‌కి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏం చెప్తున్నా అడ్డురాడు. వాగు నీళ్ల కోసం కొట్టుకుంటూ ఇద్దరు రైతులు ఓబెద్ ఇంటికి వచ్చారనుకోండి, వాళ్లు అరుస్తున్నంతసేపూ తోలు గీకుతూ వింటాడు. చివర్న తలెత్తి "అయిపోయిందా? ఇంకేమైనా ఉందా?" అంటాడు. అప్పటికి వాళ్ల కోపం సగం దిగిపోయి ఉంటుంది. మిగతా సగం వాళ్లే సర్దుకుని వెళ్లేవాళ్లు.

ఒకరోజు ఊరివాళ్లు వచ్చారు. "ఓబెదన్నా, మా ఊరిపెద్దగా ఉండు."

"తోళ్లు నానుతున్నాయి. రాలేను."

"తోళ్లు నేను చూస్తాను. నువ్వు వెళ్లిరా" అంది హెప్సీ.

కొన్నేళ్లకి రాష్ట్రంవాళ్లు వచ్చారు. "ఓబెద్‌గారూ, మా రాష్ట్రాన్ని మీరే నడపాలి."

"తోళ్లు నానుతున్నాయి. రాలేను."

"తోళ్లు నేను చూస్తాను. నువ్వు వెళ్లిరా" అంది హెప్సీ.

ఇంకొన్నేళ్లకి దేశమంతా కేకలతో అట్టుడికిపోయింది. తూర్పువాళ్లు పడమటివాళ్లని తిట్టడం, పడమటివాళ్లు తూర్పువాళ్లని తిట్టడం. వినేవాడు ఒక్కడుంటే బాగుండునని జనానికి అనిపించింది. మళ్లీ ఆ గుమ్మంలోకే వచ్చారు.

"తోళ్లు నానుతున్నాయి" అన్నాడు ఓబెద్.

హెప్సీ ఆయన మొహంకేసి చూసింది. "నాననీ. మా తమ్ముడు చూస్తాడు. ఈసారి నేనూ వస్తాను" అంది.

అట్లా తోళ్లవాడు తెల్లమేడ ఎక్కాడు.

పడమట కొండల వెనక నల్లరేగడి లోయ ఒకటి ఉంది. తరతరాలుగా కొండజనం అక్కడే బతుకుతున్నారు. దాని మీద అందరి కన్నూ పడింది. భూస్వాములు వచ్చి "లోయ మనకి కావాలి" అన్నారు. వ్యాపారులు వచ్చి "లోయ మనకి కావాలి" అన్నారు. పత్రికలవాళ్లూ వచ్చి "లోయ మనకి కావాలి" అన్నారు.

ఓబెద్ అందరిదీ విన్నాడు. "అయిపోయిందా? మరి లోయలో ఉన్నవాళ్ల మాట వినలేదు కదా. పిలవండి" అన్నాడు.

ఒక ముసలావిడ వచ్చింది. ఆమె పేరు మనకి నోరు తిరగదు. తొలివాన అని దానికి అర్థం. మనం తొలివానమ్మ అనుకుందాం.

"మా ముందు కొండ, మా వెనక మీరు. మమ్మల్ని ఎటు పొమ్మంటావో చెప్పు తమ్ముడూ" అందామె.

"నేనున్నంత కాలం మీ లోయ మీదికి ఎవరూ రారు" అని మాటిచ్చాడు ఓబెద్.

"నువ్వు ఎంత కాలం ఉంటావు?" అని అడిగింది తొలివానమ్మ.



నాలుగేళ్లూ నిండాయి. సైలస్ బ్రూమ్ అనే ఆయన పోటీకి దిగి, నన్ను గెలిపిస్తే లోయని అందరికీ పంచిపెడతానన్నాడు. బ్రూమ్ గెలిచాడు. ఓబెద్ ఓడిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సేనాపతి టాల్బట్ మేడకి వచ్చాడు. ఓబెద్ అంటే ప్రాణం పెట్టేవాడాయన.

"అయ్యా, మీరు మేడ దిగకండి. సైన్యం నా చేతిలో ఉంది. మీరు దిగితే ఆ లోయ ఏమవుతుందో మీకు తెలుసు."

"దిగకపోతే?"

"అడిగేవాడెవడు?"

ఓబెద్ తల అడ్డంగా ఊపాడు. "అడిగేవాడు లేడనే భయంరా. ఇవాళ నేను దిగకపోతే రేపు నా తర్వాతివాడూ దిగడు. ఇక జనం ఎంచుకునేది ఏముంది?"

"మరి ఆ ముసలావిడకి మీరిచ్చిన మాట?"

ఓబెద్ వెళ్లి తన మూట కట్టుకోసాగాడు. కిటికీ దగ్గర నిలబడ్డ హెప్సీ కూడా వచ్చి చెయ్యి వేసింది.

బ్రూమ్ వచ్చే రోజున మంచు కురుస్తోంది. నౌకర్లని పక్కకి జరగమని, ఓబెదే లోపలి నుంచి తలుపు తీశాడు. "రండి. మెట్టు జారుతోంది, చూసుకుని ఎక్కండి" అన్నాడు. తర్వాత భార్యాభర్తలిద్దరూ మెట్లు దిగి నడిచి వెళ్లిపోయారు. నిన్నటిదాకా దేశాన్ని ఏలినవాడు మామూలు మనిషిలా మంచు బురదలో నడుస్తుంటే జనం వింతగా చూశారు.

నాలుగు రోడ్ల కూడలిలో ఓబెద్ పడమటికి తిరిగాడు.

"ఇల్లు ఇటు కదా" అంది హెప్సీ.

"ఇచ్చిన మాట అటుంది."

ఆమె ఇంకేమీ అడగలేదు. తనూ అటే తిరిగింది.

లోయలోకి ఒక్కటే దారి, రెండు కొండల మధ్య ఇరుకైన కనుమ. మంచు కరిగాక బ్రూమ్ పంపిన సైన్యం అక్కడికి వచ్చింది. ముందు గుర్రం మీద టాల్బట్. దారి మధ్యలో నేల మీద ఓబెద్, పక్కన హెప్సీ. వెనక కొండజనం.

"అయ్యా, లేవండి. నాకు ఆజ్ఞ అయింది" అన్నాడు టాల్బట్.

"నిన్ను ఆపే అధికారం నాకిప్పుడు లేదు. నేను కూర్చున్నానంతే."

"గుర్రాలు తొక్కేస్తాయండీ!"

"తొక్కనీ."

తొలివానమ్మ ముందుకి వచ్చింది. "తమ్ముడూ, నువ్విప్పుడు ఎవరివి?"

"తోళ్లు పదును చేసేవాణ్ణి."

ఆమె వచ్చి ఆయన పక్కనే చతికిలబడింది. టాల్బట్ కళ్లెం పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. పొద్దు వాలుతుండగా కిందికి దిగాడు. కత్తి తీసి జీనుకి తగిలించి, సైన్యాన్ని వెనక్కి మళ్లించాడు. దానికి ఆయన పదవి పోయింది.

రెండో ఏడు ఇంకో సేనాపతి వచ్చాడు. ఓబెద్ కూర్చునే ఉన్నాడు. ఆ సేనాపతీ మళ్లిపోయాడు. మూడో ఏడు చలికి ఓబెద్ అక్కడే, హెప్సీ భుజం మీద తల వాల్చి కన్నుమూశాడు. ఆ సంగతి తెలిసి బ్రూమ్ మళ్లీ సైన్యాన్ని పంపాడు. వాళ్లు వచ్చేసరికి ఆయన కూర్చున్న చోట హెప్సీ కూర్చుని ఉంది. ఆమె వెనక, ఒకప్పుడు లోయ కావాలని బ్రూమ్‌ని గెలిపించిన ఊళ్ల జనం, ఓబెద్ పోయాడని విని వచ్చి కూర్చుని ఉన్నారు. ఆ సైన్యం గుర్రాలు కూడా దిగకుండానే వెనుదిరిగింది. లోయ మీదికి మళ్లీ ఎవరూ రాలేదు.

ఆ రాజులేని దేశంలో ఇప్పటికీ ఓడిపోయిన పెద్దాయన కొత్తవాడికి తనే లోపలి నుంచి తలుపు తీస్తాడట, ఆ రోజు నౌకర్లు గడియ ముట్టుకోరట. ఆ కనుమలో మాత్రం ఓబెద్‌కి విగ్రహం లేదు. దాటేవాళ్లు ఎంత తొందరలో ఉన్నా బండి దిగి, కాసేపు ఉత్త నేల మీద కూర్చుని వెళ్తారు.

ఆ దేశంలో ఎక్కడైనా ఎవరైనా అన్యాయానికి అడ్డంగా, అరవకుండా, చెయ్యెత్తకుండా కదలక కూర్చుంటే అక్కడి పెద్దవాళ్లు పిల్లల్ని పక్కకి తీసుకెళ్లి మెల్లగా చెప్తారు:

"ఓబెద్ కూర్చున్నాడు. వాడు లేవడు. మనమే వెళ్లి పక్కన కూర్చుందాం, పదండి."