పీలికల డబ్బాలో గూడు

అనగనగా ఒక అడవిలో... ఆగండి, ఈ కథలో అడవి లేదు. చెట్టు కూడా లేదు. అనగనగా ఒక మేడ మీద ముందొకటి, లోపలొకటి రెండు చిన్న గదులు. ముందు గదిలో ఒక కుట్టుమిషను. మిషను ముందు ఎస్తేరు అనే దర్జీ. ఆవిడ భుజం మీద తురాయి అనే పిట్ట. తురాయి చిలకల జాతిదే కానీ పచ్చగా ఉండదు. బూడిదరంగు ఒళ్ళు, తలమీద పసుపుపచ్చ కుచ్చు. అప్పట్లో పిట్టలూ మనుషులూ హాయిగా మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడెందుకు మానేశారో నన్నడక్కండి.

ఎస్తేరుకి నా అన్నవాళ్ళు లేరు. గదికి రోజంతా జనం వచ్చేవాళ్ళు. "భుజం దగ్గర కాస్త వదులుంచమ్మా" అనేవాళ్ళు. "శుక్రవారానికి కావాలి" అనేవాళ్ళు. వెళ్ళిపోయేవాళ్ళు. కాసేపు కూచుని కబురు చెప్పినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. తురాయికి కూడా ఎస్తేరు తప్ప ఎవరూ లేరు. బుద్ధెరిగాక అది తనలాంటి పిట్టను చూడనేలేదు.

కత్తెర పెట్టేముందు బట్టను అరచేత్తో సాపు చెయ్యడం దర్జీల అలవాటు. పైనుంచి కిందికి, ఒక్క ముడతైనా లేకుండా. సాయంత్రం పిట్టను ఒళ్ళో పెట్టుకుని ఎస్తేరు అచ్చం అలాగే నిమిరేది. మెడ నుంచి తోక దాకా. పాపం, ఆవిడది ముద్దే. కానీ పిట్టల లోకంలో వీపు నిమరడం జతగాడి పని.

"ఓహో, ఈవిడే నా జత!" అనుకుంది తురాయి.

అంతలో పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. జాకెట్లు గుట్టలుగా పడ్డాయి. పొద్దుగూకినా ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉండేది.

"పొద్దు పెరిగింది. గూడు కట్టే కాలం వచ్చేసింది" అనుకుంది తురాయి, ఆ వెలుగు చూసి. బల్ల కింద గుడ్డపీలికల డబ్బా ఉంది. లోపల చీకటిగా, మెత్తగా ఉంటుంది. అందులో దూరింది.

ఎస్తేరు మురిసిపోయింది. "అబ్బో, నా బంగారం ఇల్లు కట్టుకుంటోంది!" అంటూ ఇంకో గుప్పెడు పట్టుపీలికలు వేసింది. ఉడికించిన మొక్కజొన్న గింజలు వేడివేడిగా నోటికి అందించింది. ఇంకేం కావాలి పిట్టకి? డబ్బాలో గుడ్లు పెట్టింది.

గుడ్లు పెట్టాక తురాయి తురాయిలా లేదు. డబ్బా దగ్గరికి ఎవరొచ్చినా బుసకొట్టింది. చున్నీ ముక్క కోసం వంగిన ఒకావిడ వేలు కొరికింది. ఎస్తేరు హడలిపోయి, గుడ్లు తీసేస్తే మామూలవుతుందిలే అని తీసేసింది. తురాయి పీలికలన్నీ వెతుక్కుంది. మళ్ళీ గుడ్లు పెట్టింది. ఎస్తేరు మళ్ళీ తీసేసింది. మూడోసారి ఒకటి పెట్టి, రెండోదానికి కూలబడిపోయింది. ఈకలు ఉబ్బరించి, కళ్ళు మూతలు పడుతూ డబ్బాలో ఒక మూలకి ఒరిగింది.

కిటికీ అవతల ఒక పావురం కాపురం ఉంది. పావురం గూడు సంగతి మీకు తెలుసుగా, నాలుగు పుల్లలు అడ్డంగా పడేసి ఇల్లంటుంది. ఇల్లు ఎలా ఉన్నా దానికి బుద్ధి ఉంది.

"ఎస్తేరమ్మా, మిషను ఆపి ఇటు చూడు" అని అరిచింది పావురం. "ఒంట్లో ఉన్న సత్తువంతా పెంకులకే పోసింది నీ పిట్ట. గుడ్డు లోపల ఇరుక్కున్నట్టుంది. డాక్టరు దగ్గరికి పరుగెత్తు!"

ఎస్తేరు చెప్పులు కూడా వేసుకోలేదు.

పక్షుల డాక్టరు పిట్టకు వెచ్చదనం పట్టించి, మందు వేసి, ఎలాగో గుడ్డు బయటికి తెప్పించాడు. తర్వాత ఎస్తేరు వైపు తిరిగాడు.

"వీపు నిమురుతారా అమ్మా?"

"నిమురుతానండీ. హాయిగా కళ్ళు మూసుకుంటది."

"ఇక తలమీదే. చెయ్యి మెడ దాటకూడదు. పొద్దుగూకగానే చీకట్లో పడుకోబెట్టండి. ఆ డబ్బా కంటికి కనపడకూడదు. ఈ గుడ్లు మాత్రం తియ్యకండి. తీస్తే మళ్ళీ పెడుతుంది. అదే విసిగి వదిలెయ్యాలి. ఇంకోసారి ఇలా జరిగితే బతకదు."

డబ్బా అటక ఎక్కింది. రెండు గుడ్లూ తురాయి పడుకునే పంజరం అడుగుకి వచ్చాయి. పొద్దుగూకగానే పంజరం లోపలి గదిలోకి పోయేది, పైన దుప్పటి పడేది. ఎస్తేరు ముందు గదిలో ఒక్కతే కూచుని కుట్టుకునేది. ఇదివరకు సూది విరిగితే అయ్యో అనడానికి ఒక గొంతుండేది. ఇప్పుడు సూది విరిగితే విరిగింది, అంతే.

మొదట తురాయి బతిమాలింది. వీపు వంచి, "ఎస్తేరూ, నీ చెయ్యేదీ?" అంది. తర్వాత అరిచింది. వచ్చినవాళ్ళు చెవులు మూసుకునేంతగా అరిచింది. చివరికి అరవడం కూడా మానేసి గోడ వైపు తిరిగి కూచుంది.

"నన్ను వద్దనుకున్నావా?" అంది, గోడతో అన్నట్టు.

ఎస్తేరు చెయ్యి పంజరం తలుపు దాకా వెళ్ళింది. ఒక్కసారి నిమిరితే దాని ఏడుపు ఆగుతుంది. తన ఏడుపూ ఆగుతుంది. చూసేవాళ్ళు ఎవరున్నారు?

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దనుకోలేదే నా తల్లీ. నువ్వు కావాలనే."

"కావాలంటే రావచ్చుగా?"

"నేనొస్తే నువ్వుండవే."

తురాయికి ఆ మాట అర్థం కాలేదు. గుడ్ల మీదికి వెళ్ళి కూచుంది.

ఒక పొద్దున కిటికీ అవతల కిచకిచలు వినపడ్డాయి. పావురం గుడ్లు పిల్లలయ్యాయి. తురాయి తన గుడ్లకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"అక్కా, నీవి మాట్లాడుతున్నాయి. నావెందుకు మాట్లాడవు?"

పావురం పిల్లల్ని రెక్క కిందికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. "జత లేని గుడ్లలో ప్రాణం ఉండదమ్మా. నీ తప్పేం లేదు."

"మరి ఎస్తేరో?"

"ఎస్తేరు నీ మనిషి. నీ జత కాదు."

తురాయి మళ్ళీ గుడ్ల మీదికి ఎక్కింది. మరికొన్నాళ్ళు వాటిమీదే కూచుంది. తర్వాత ఒకరోజు తనంతట తనే లేచింది. నీళ్ళు తాగింది. దానికి కాలక్షేపంగా ఉంటుందని ఎస్తేరు కాగితాల్లో చుట్టి దాచిన గింజల్ని, ఒక్కో కాగితమే చించి తిన్నది. గుడ్ల వైపు తిరిగి చూడలేదు. చూసింది ఎస్తేరే. వాటిని తీసి పారెయ్యడానికి ఆవిడకి చేతులు రాలేదు. చివరికి కళ్ళు తుడుచుకుని తీసింది.

పాత ఈకలు రాలి కొత్తవి వచ్చాక, తురాయి భుజం మీదికి ఎగిరొచ్చి తల వంచింది. ఎస్తేరు ఒక్క వేలితో కుచ్చు కింద గోకింది. వేలు మెడ దగ్గర ఆగింది.

"ఇంకా" అంది తురాయి.

"అంతే అమ్మలూ."

తురాయి గొణిగింది, కానీ ఎగిరిపోలేదు. పొద్దువాలేదాకా అక్కడే కూచుంది. చీకటి పడుతుంటే ఎస్తేరు దాన్ని లోపల పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ముందు గదిలోకి వచ్చి మిషను ముందు కూచుంది. గదిలో ఎవరూ లేరు. లోపల పిట్ట ప్రాణంతో నిద్రపోతోంది. ఎస్తేరుకి ఒంటరిగానే ఉంది, కానీ భయంగా లేదు.

నీతి: మనం ప్రేమించే ప్రాణికి ఏది మేలో తెలుసుకుని అదే ఇవ్వాలి, మన ముద్దు తీరకపోయినా సరే.