ఎనిమిదో సముద్రం

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని కాలంలో, హేమగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిపివాడు పుష్కరుడు, చిన్నవాడు సారంగుడు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. అన్న నోట్లో పెట్టుకునేది ఏదైనా సరే, తమ్ముడు ముందు రుచి చూడాలి. విషమేమోనని భయం. రాజుల ఇళ్లు కదా మరి!

ఒకనాడు జయకేతు గుర్రం మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. నొప్పికి విలవిల్లాడుతుంటే, కంకాళుడనే మాంత్రికుడు వైద్యుడి వేషంలో వచ్చి, నీలి పొడి ఒక చిటికెడు తీశాడు. ఆచారం ప్రకారం పుష్కరుడు ముందు నాలుక మీద వేసుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. అతనికి ఏమీ కాలేదు.

"తియ్యగా ఉందన్నయ్యా, భయం లేదు," అన్నాడు నవ్వుతూ.

అయ్యో! ఆ పొడి ఒక్క పూటలో చంపేది కాదు పిల్లలూ. అదే దాని మోసం.

భుజం నయమైంది కానీ, పొడి లేనిదే జయకేతుకు పొద్దు గడిచేది కాదు. చిటికెడు చారెడైంది, చారెడు దోసెడైంది. అన్నకు ఇచ్చే ముందు తమ్ముడు రుచి చూడాలిగా! పుష్కరుడూ అలాగే మునిగాడు. కిరీటంలో మణులు పోయాయి, ఏనుగులు పోయాయి, తల్లి చెవి కమ్మలూ పోయాయి. అన్నం ముందు పెడితే ఇద్దరూ మొహం తిప్పుకునేవాళ్లు.

సారంగుడు ఇదంతా చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఆ వైద్యుడు నిజానికి మాంత్రికుడని, అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉందని విని బయలుదేరాడు. ఒడ్డున వలలో చిక్కిన ముసలి తాబేలును విడిపించాడు.

"నాయనా, ఏడు సముద్రాలూ నేను దాటిస్తాను. ఎనిమిదోది మీ ఇంట్లోనే ఉంది. అక్కడ నా వీపు పనికిరాదు," అంది తాబేలు.

సారంగుడికి ఆ మాట అర్థం కాలేదు. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. దీవిలో కంకాళుడి గొంతు అనుకరిస్తూ, "చిలకా, పండు తెచ్చాను రావే!" అని పిలిచాడు. చిలుక వచ్చి చేతిమీద వాలింది. అతను గుప్పిట బిగించాడు.

"నన్ను చంపితే కంకాళుడు చస్తాడు. మీ అన్నల దాహం చావదు," అంది చిలుక.

సారంగుడు దాని మెడ నులిమేశాడు. అక్కడ హేమగిరిలో మాంత్రికుడు కుప్పకూలాడు.

సంతోషంగా ఇల్లు చేరేసరికి పుష్కరుడు లేడు. మిగిలిన పొడంతా ఒకేసారి మింగి కన్నుమూశాడట. జయకేతు ఎదురొచ్చి తమ్ముడి పీక పట్టుకున్నాడు.

"నా వైద్యుణ్ణి చంపావా? నన్ను చంపేశావురా!"

ఎనిమిదో సముద్రం ఏదో సారంగుడికి అప్పుడు తెలిసింది.

కంకాళుడి శిష్యులు ఊరి బయట ఇంకా పొడి అమ్ముతూనే ఉన్నారు. అందుకని సారంగుడు తలుపు గడియ వేసి, ఒక ముసలి వైద్యుణ్ణి తోడుంచుకుని, అన్న పక్కనే కూర్చున్నాడు.

"యువరాజుగా ఆజ్ఞాపిస్తున్నాను, తలుపు తియ్యి!" అని ఉరిమాడు జయకేతు. తియ్యలేదు.

"ఒక్క చిటికెడు తెచ్చిపెట్టరా, నీ కాళ్లు పట్టుకుంటాను," అని ఏడ్చాడు. తియ్యలేదు.

"పుష్కరుడి మీద ఒట్టు, ఇదే ఆఖరు!" అన్నాడు. సారంగుడు వెక్కివెక్కి ఏడ్చాడు. అయినా తియ్యలేదు.

వణికి, వాంతులు చేసుకుని, చివరికి ఒక ఉదయం జయకేతు మెల్లిగా, "ఆకలేస్తోందిరా," అన్నాడు. సారంగుడు పరుగున గంజి తెచ్చి, అలవాటు కొద్దీ ముందు తన నోటి దగ్గర పెట్టుకున్నాడు. జయకేతు ఆ చేయి పట్టుకుని ఆపాడు.

"వద్దు నాన్నా. ఇకమీద ఈ ఇంట్లో ఎవరూ ఎవరికోసమూ రుచి చూడొద్దు."

తర్వాత సారంగుడు పొరుగు రాజు కూతురు కళావతిని పెళ్లాడాడు. పెళ్లిభోజనంలో పుష్కరుడి పేరున ఒక విస్తరి వేశారు. జయకేతు సింహాసనం తమ్ముడికే వదిలేయడంతో, సారంగుడు చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. ఒక్కోరోజు జయకేతు చేతులు మళ్లీ వణికేవి. అలాంటప్పుడు రాజు సభ ఆపి, సింహాసనం దిగి, అన్న చేయి పట్టుకుని కూర్చునేవాడు.