నాలుగో తుమ్ము

ఎర్రగుట్ట కింద ముళ్ళకంప కంచె వేసిన దొడ్డి ఒకటి ఉండేది. అందులో గొర్రెలు, మేకలు, ఒక ముసలెద్దు. ఎండాకాలం వచ్చిందంటే ఆ దొడ్డిలో నిలబడడం కుంపట్లో నిలబడడమే. కాకి అరిస్తే ఆ అరుపు గాల్లోనే ఎండిపోయి పొట్టులా కింద రాలేది. గొర్రెల నీడలు గొర్రెల్ని వదిలేసి, చెట్టు కింద చోటు చూసుకొని పడుకునేవి. ఇదంతా నేను తగ్గించి చెబుతున్న మాట.

అందుకే ఏటా ఎండలు ముదరగానే మందంతా గుట్ట దాటి, అవతలి కొండ మీది దొన దగ్గరికి విడిదికి పోయేది. దొన అంటే బండల నడుమ ఎన్నడూ ఎండని నీటిగుంట. చుట్టూ మోకాలెత్తు పచ్చిక. ఆ పచ్చిక ఒక్కపూట మేస్తే ముసలి గొర్రెకు కూడా పాలపళ్ళు మళ్ళీ మొలుస్తాయని చెప్పుకునేవారు. అయితే అక్కడ కాపురముండే దుప్పులు, ముందుగా మాటిచ్చినవాళ్ళకే చోటు అట్టిపెట్టేవి.

ఆ ఏడు ప్రయాణం కోసం అందరికన్నా ఎక్కువగా కాచుకున్నది చుక్కి అనే మేక. దాని కూతురు పిందె కరువులో పుట్టింది. పచ్చగడ్డిని కంటితో చూసి ఎరగదు. ఎండుటాకు నములుతూ, "అమ్మా, పచ్చ అంటే ఎట్లుంటుంది?" అని అడిగేది.

"దొన కాడికి పోయినాక చూద్దువులే. ఆకాశం తప్ప అంతా పచ్చే," అనేది చుక్కి.

ఇక నాలుగు పొద్దుల్లో బయలుదేరతారనగా, వాగవతల నుంచి కాకి ఎగిరొచ్చి కంచె మీద వాలింది. దాని గొంతులో ఎప్పటి జోరు లేదు.

"వాగవతల మందలో ఏదో కొత్త రోగం దిగిందప్పా. జలుబు మాదిరే మొదలవుతుంది. ముక్కు కారుతుంది, ఒళ్ళు కాలుతుంది, పడుకున్నది పడుకున్నట్టే ఉంటుంది. పక్కన నిలబడితే చాలు, అంటుకుంటోంది."

మందకు పెద్ద సిద్దప్ప అనే పొట్టేలు. కొమ్ములు రెండు చుట్లు తిరిగి ఉంటాయి. ఆ కొమ్ములు వెనక్కి వంగాయి గాని, ఆయన మాట ఏనాడూ వెనక్కి వంగలేదు.

"దాని పేరేంది?" అన్నాడు సిద్దప్ప.

"పేరింకా పెట్టలేదు."

"పేరు కూడా లేని రోగానికి జడిసేదా? ముందు బారసాల చేయించుకొని రమ్మను, అప్పుడు మాట్లాడదాం!"

మందంతా నవ్వింది. కాకి నవ్వలేదు. "పేరు పెట్టాల్సిన పెద్దలే ముందు పోయినారప్పా," అని చెప్పి ఎగిరిపోయింది.

ఆ నవ్వు పైకి ఉన్నంత లోపల లేదు. చుక్కికి మేత సయించలేదు. మేకకు మేత సయించలేదంటే, సముద్రానికి ఉప్పు సయించనట్టే. అది బావి దగ్గర నిలబడ్డ మైలయ్య దగ్గరికి పోయింది. మైలయ్య అంటే ఆ ముసలెద్దు. గుట్టెక్కే వయసు దాటిపోయింది కాబట్టి, బావి నుంచి నీళ్ళు తోడే కపిల లాగి దొడ్డివాకిట్లో తొట్టి నింపుతూ ఇంటిపట్టునే ఉంటాడు.

"తాతా, పోవాల్నా, మానాల్నా?"

"నీకేమనిపిస్తుంది?"

"పోతే ఏమవుతుందోనని భయం. మానితే పిందె మొగం చూడలేను. పైగా ఏమీ కాలేదనుకో, అందరూ పచ్చిక మేసొచ్చి మూడు తరాలు నన్ను ఆడిపోసుకుంటారు."

"మరి ఆ మాట సిద్దప్పతో చెప్పు."

"నేనా? మందలో ఇంతమంది ఉండగా నేనా?"

మైలయ్య నెమరు వేస్తూ ఊరుకున్నాడు. ఎద్దు నెమరు వేస్తూ ఊరుకుంటే, జవాబు మన దగ్గరే ఉందని అర్థం.

మర్నాడు పొద్దు వాలుతుండగా సిద్దప్ప పెండ్లాము ఎర్రక్క చుక్కిని పక్కకు పిలిచింది. ఎర్రటి బొచ్చు, నెమ్మదస్తురాలు. ఎవరైనా కాలు తొక్కితే "నీ కాలు నొచ్చిందా?" అని అడిగే రకం.

"చుక్కీ, నిన్నటి నుంచి నాకు ఒంట్లో బాగలేదే. ఎముకల్లో ఎవరో మంట పెట్టినట్టుంది."

"అయ్యో! బావకు చెప్పినావా?"

"ఎట్లా చెప్పేది? దుప్పులకు మాటిచ్చినాడు. ఇప్పుడు రామంటే వచ్చే ఏడు చోటు దక్కదని రాత్రంతా నిద్రలోనే కొమ్ములు ఊపుతున్నాడు. నువ్వు వద్దను. నువ్వంటే నేను వెనక నిలబడతా."

"నువ్వు ముందనక్కా, నేను వెనక నిలబడతా."

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ వెనకే నిలబడితే ముందు ఎవరుంటారు? పిల్లి మెడలో గంట సంగతే.

ఆ మాటకొస్తే మందలో ప్రతి గొర్రే ఇంకో గొర్రెతో అదే మాట అంది. అన్ని గుసగుసలు ఒకచోట పోగేస్తే ఎర్రగుట్టకు పక్కన ఇంకో గుట్ట లేచేది. కానీ సిద్దప్ప అందర్నీ కూర్చోబెట్టి, "ఎవరికైనా అభ్యంతరముందా?" అని అడిగినప్పుడు, ఈగ రెక్కల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

నిజం చెప్పాలంటే సిద్దప్పకూ గుబులు లేకపోలేదు. ఎవరైనా వద్దంటే బాగుండునని ఆయనా చూశాడు. ఎవరూ అనకపోయేసరికి, జంబయ్యను పిలిపించాడు.

జంబయ్య అంటే నక్క. దొనకు పోయే దారిలో, వంకలో కాపురం. శకునాలు చెబుతాడని పేరు. ఏటా మంద ఆ వంక దాటేటప్పుడు ఎవరు వెనకబడుతున్నారో, ఎవరు కుంటుతున్నారో కళ్ళు మూసుకొని ధ్యానంలో ఉన్నట్టే చూస్తాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!

జంబయ్య విన్నాడు. మూతి నాక్కున్నాడు. "పొమ్మనడానికి, వద్దనడానికి నేనెవర్ని? మీరు మాత్రం ఎవరు? బయలుదేరేటప్పుడు శకునం చూసుకోండి. మంచిదైతే పోండి, చెడ్డదైతే ఆగండి. బరువంతా దాని మీద పడేయండి."

మందకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఎవరూ ఏమీ అనక్కర్లేదు. శకునమే అంటుంది! చుక్కి కూడా ఆ రోజు కడుపునిండా మేసింది. మైలయ్య ఒక్కడే, "రోగం శకునం అడిగి వస్తుందా అప్పా?" అన్నాడు. "నువ్వు రాని ప్రయాణం గురించి నీకెందుకు తాతా ముచ్చట?" అని నోరు మూయించారు.

బయలుదేరే పొద్దు వచ్చింది. తడిక తీశారు. ముందు సిద్దప్ప, పక్కన ఎర్రక్క, వెనక మంద. సిద్దప్ప కుడికాలు ఎత్తి బయట పెట్టబోతుండగా...

"హాచ్!"

ఎర్రక్క తుమ్మింది.

మందంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ గాలికి గుట్ట మీద ఎండుగడ్డి ఒరిగి, మళ్ళీ లేవడానికి వారం పట్టింది. శకునం వద్దంది! ఊరటతో చుక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిద్దప్ప ఎత్తిన కాలు కిందికి దించాడు. ఆయన మొగం కూడా తేలికపడింది. ఇంకొక్క గడియ ఆగితే "సరే, మానేద్దాం" అనేవాడే.

కంచె అవతల నుంచి జంబయ్య గొంతు వచ్చింది. మెత్తగా, ఏదో యథాలాపంగా అడిగినట్టు:

"ఒకటేనా?"

ఒంటి తుమ్ము కీడు, జంట తుమ్ము మేలు. ఇది తెలియని గొర్రె లేదు. అందరి చూపులూ సిద్దప్ప మీద పడ్డాయి. ఆ చూపుల్లో ఏముందో ఆయనకు అర్థం కాలేదు. తన పెద్దరికాన్ని తూకం వేస్తున్నారనుకున్నాడు. కింద పడున్న గడ్డిపోచలోకి ముక్కు దూర్చి, గట్టిగా ఒక తుమ్ము తుమ్మాడు.

"జంట! జంట తుమ్ము!"

చుక్కికి ఏం చేయాలో తోచలేదు. గబుక్కున మూతి దుమ్ములో రుద్ది, "హాచ్!" అంది.

"మూడు! బేసి!" అని ఎవరో అరిచారు.

"ఏమ్మే చుక్కీ," అన్నాడు సిద్దప్ప, కళ్ళెర్ర చేసి. "నీ ముక్కు ఇప్పుడే దొరికిందా?"

"వచ్చే తుమ్ముకు ముహూర్తముంటుందా బావా?"

"తుమ్మితే ఊడే ముక్కు ఉంటే ఎంత, ఊడితే ఎంత! చూడు!" అని గడ్డిపోచ మీదికి మళ్ళీ వంగాడు. నాలుగో తుమ్ము ఎంత పెద్దదంటే, గుట్ట అవతల కుందేళ్ళు ఉరిమిందనుకొని పిల్లల్ని లోపలికి పిలుచుకున్నాయి.

"నాలుగు! రెండు జంటలు! రెండింతల శుభం!"

తుమ్మిన తర్వాత బయలుదేరాలంటే కాసేపు కూర్చుని గుక్కెడు నీళ్ళు తాగి లేవాలి. అది ఆనవాయితీ. మందంతా తొట్టి చుట్టూ చేరింది. పెద్దమ్మ కాబట్టి ఎర్రక్కే ముందు మూతి పెట్టింది. ఆమె ముక్కు నుంచి చీమిడి తీగలా సాగి నీళ్ళలో పడడం చుక్కి చూసింది. ఆమె వెనకే ఒక్కొక్క గొర్రే మూతి ముంచింది. పిందె కూడా కాళ్ళ సందుల్లోంచి దూరి, తొట్టి మీదికి మెడ చాచింది.

"వద్దు!"

చుక్కి అంతకు ముందెన్నడూ అంత గట్టిగా అరవలేదు. కూతుర్ని కొమ్ముతో పక్కకు నెట్టింది. మందంతా తలెత్తింది.

"ఏమైందమ్మే?" అన్నాడు సిద్దప్ప.

"నోరు పెట్టుకొని ముక్కుతో చెప్పబోయినా బావా. తప్పు నాదే. ఇప్పుడు నోటితోనే చెబుతున్నా. మేము రావడం లేదు. మీరూ పోవద్దు. ఎర్రక్కకు నాలుగు పొద్దులుగా ఒళ్ళు కాలుతోంది. నాతో చెప్పింది."

సిద్దప్ప పెండ్లాము వైపు తిరిగాడు. "నిజమేనా?"

మందంతా చూస్తోంది. ఎర్రక్క మొగుడి మొగం చూసింది. చుక్కి మొగం చూసింది. "నాకేం? బాగానే ఉన్నాను," అంది తల దించుకొని.

"విన్నావా? శకునం కుదిరింది, మనిషి బాగుంది. దొన కాడ చోటు దండగ కాకూడదు. పదండి!"

గొర్రెదాటు అంటే అంతే కదా. ఒకటి కదిలితే అన్నీ కదిలాయి. పిందె తడిక దాకా ఉరికి, "నాకు పచ్చ చూపిస్తానన్నావు!" అని ఏడ్చింది. ఆ ఏడుపుకు చుక్కి గుండె పలకలు పలకలుగా పగిలింది. అయినా తడికకు అడ్డం తొలగలేదు. పోతూ పోతూ ఎర్రక్క ఒక్కసారి వెనక్కి చూసింది. మంద లేపిన దుమ్ము గుట్టనంతా కప్పేసింది.

తర్వాత సంగతి కాకి కొంత చెప్పింది, సిద్దప్ప కొంత చెప్పాడు. నాకు పెంచి చెప్పే అలవాటుంది గాని, ఇక్కడ పెంచాల్సిన పని లేదు.

కొండ మలుపులో మంద తుమ్ములు వినగానే దుప్పులు దారికి అడ్డంగా నిలబడ్డాయి. "మాటిచ్చినాం, నిజమే. కానీ మాకూ పిల్లలున్నారు," అన్నాయి. ఎంత బతిమాలినా కదల్లేదు. పచ్చిక వాసన ముక్కుకు తగిలే చోటు నుంచి మంద వెనక్కి తిరిగింది. అప్పటికే సగం మంద నడవలేకపోతోంది. వంకలోకి దిగేసరికి ఎర్రక్క కూర్చుంది. మళ్ళీ లేవలేదు. చుట్టూ గొర్రెలు ఒక్కొక్కటిగా కూర్చున్నాయి.

జంబయ్య ధ్యానం వదిలి లేచాడు.

"నువ్వే కదా శకునం చూడమన్నది!" అని సిద్దప్ప కొమ్ములు విసిరాడు. ఆ కొమ్ముల్లో బలం లేదు.

"ఒకటేనా అని అడిగినాను అప్పా. అడగడం కూడా తప్పేనా?" అన్నాడు జంబయ్య, మూతి నాక్కుంటూ.

మంద తిరిగొచ్చినప్పుడు గుట్ట మీద దుమ్ము లేవలేదు. దుమ్ము లేపడానికి కాళ్ళు సరిపోలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, ముక్కులు కారుతూ, తలలు వేలాడేసి దిగారు. సిద్దప్ప తడిక దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చుక్కీ, లోపలికి రానిస్తావా?"

చుక్కికి ఏడుపు ఆగలేదు. అయినా ఈసారి గొంతు తడబడలేదు. "ఇప్పుడొద్దు బావా. ముక్కులు ఆరేదాకా కంచె బయటే ఉండండి. అదిగో, ఆ రావి కొమ్మల కింద నీడ ఉంది. మేతా నీళ్ళూ నేనే తెచ్చి పెడతా. మీ ఎదురుగానే కూర్చుంటా, ఈ పక్కన."

సిద్దప్ప మిగిలినవాళ్ళను రావి నీడకు పంపాడు. బావి దగ్గర నిలబడ్డ మైలయ్య వైపు చూశాడు.

"నాలుగు తుమ్ములు తాతా. రెండు జంటలు. శకునం అంత బాగా కుదిరితే ఇట్లా ఎందుకైంది?"

మైలయ్య నెమరు ఆపాడు.

"ఆ నాలుగిట్లో మూడు తెచ్చిపెట్టుకున్నవి అప్పా. ఒకటే దానంతట అది వచ్చింది. అది నీ పెండ్లాముది. లెక్కపెట్టినావు గాని, వినలేదు."

సిద్దప్ప కొమ్ములు తడిక గుంజకు ఆనించి, అట్లాగే నిలబడిపోయాడు.

వద్దనే మాట నోటితోనే అనాలి. శకునానికి అప్పగిస్తే అది కొమ్ములున్నవాడి వైపే పలుకుతుంది.