బాలనాగి పెట్టిన ముద్ద

అనగా అనగా, ఎంత కాలం కిందటో ఎవరికీ గుర్తులేనంత కిందట, కంబళ్లు నేసే ఓబయ్య అనే ముసలాయన ఉండేవాడు. ఆయన ఎవర్నీ నమ్మడు. పాలు పోసే ఆమెను నమ్మడు, పక్కింటివాణ్ణి నమ్మడు, కన్నకూతుర్నీ నమ్మడు.

ఒకనాడు వాకిట్లో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కూతురూ అల్లుడూ మంచం మీద మోసుకుపోయి, ఎముకలు కట్టే రామలింగం కొట్టంలో చేర్చారు. రామలింగం ఎముక సర్ది, మినప్పిండీ గుడ్డుసొనా కలిపి పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు.

"కదలొద్దు. నా పని అయిపోయింది" అన్నాడు.

ఆ కొట్టం ఊడ్చే మనిషి బాలనాగి. సాయంత్రం గిన్నెడు రాగిజావ తెచ్చింది.

"తాగు తాతా."

అడగకుండా పెట్టేవాళ్లకు ఏదో కావాలి. నా చెవిపోగుల మీద కన్నేసిందేమో, అనుకున్నాడు ఓబయ్య. ఆమె అటు తిరగ్గానే జావ మంచం కింది కుక్కకు పోశాడు.

రెండోనాడు మెత్తగా ఉడికిన పెసరపప్పులో నెయ్యి వేసి, ముద్ద కలిపి తెచ్చింది.

"తిను తాతా."

మగ్గం కోసం మా అల్లుడు మందు పెట్టించాడేమో, అనుకున్నాడు. అదీ కుక్కకే.

మూడోనాడు పక్క మంచం మీది ముసలామె పోయింది. బాలనాగి ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి తెచ్చింది.

"తిను తాతా."

ఈమె చేతికూడు తినే పోయినట్టుంది ఆ ముసలిది! అనుకున్నాడు ఓబయ్య. గుడ్డూ కుక్కకే.

ఇక ఆ కుక్క ఎప్పుడు చస్తుందా అని కాపు కాశాడు. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. కుక్క చావలేదు. దాని డొక్కలు నిండాయి. ఓబయ్య చేతి కడియం మాత్రం మోచేతిదాకా జారింది. వీపు కింద పుండు లేచింది.

"నాకెందుకు పెడతావే? నీకేం కావాల?" అని గద్దించాడు.

"మా అమ్మకూ ఇక్కడే కట్టు కట్టారు తాతా. నొప్పికి ముద్ద దిగడంలేదంటే సరేలే అని ఊరుకున్నా. ఎముక అతికింది. లేచి కూచునే సత్తువ లేక అమ్మ పోయింది."

"మరి పక్క మంచం ముసలిది?"

"నేను తెచ్చేసరికే ఆమె నోరు తెరవలేకపోయింది. పైన పూసిన గుడ్డు చాలదు తాతా. లోపలికీ పోవాల."

ఓబయ్యకు అప్పటికీ నమ్మకం కుదరలేదు.

"ముందు నువ్వు తిను."

ఆమె తిన్నది. ముద్ద ఆమె గొంతు దిగేదాకా చూసి, అప్పుడు తిన్నాడు. రోజూ అంతే. పూటపూటకీ అంతే. ఆమె ఒక్కసారీ విసుక్కోలేదు. పుండు మానింది. మూడు నెలలకు కర్ర ఊతంతో నాలుగడుగులు వేశాడు.

"చూశావా నా కట్టు!" అన్నాడు రామలింగం.

"పోయినోళ్లకు కట్టిందీ నువ్వే కదయ్యా?" అన్నాడు ఓబయ్య.



బాలనాగి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. కానీ ఆ దిక్కున ఈనాటికీ, ఎముక విరిగిన ముసలివాళ్లకు అన్నం పెట్టేవాళ్లు తొలిముద్ద తామే తిని చూపిస్తారు. "బాలనాగి వచ్చింది, నోరు తెరువు" అంటారు. కట్టు కట్టేవాడు నొప్పి ఎక్కడని తర్వాత అడుగుతాడు. ముందు, "ఈ పూట ఏం తిన్నావు?" అంటాడు. ఏమీ తినలేదంటే వెదురుబద్దలు పక్కన పెట్టి, పొయ్యి వెలిగించమంటాడు.