నిలబడి వడ్డించిన గరిటెస్వామి

రాజమహేంద్రవరంలో గోదావరి రేవు మెట్లెక్కి, సత్రాల వీధి దాటి ఎడమ చేతివైపు తిరిగితే మూడు బారల వెడల్పున్న సందు ఒకటి వస్తుంది. కంటికి కనిపించేలోపే ముక్కుకి తగులుతుంది. తెల్లవారుతూనే ఇడ్లీల ఆవిరి, ఎండెక్కేసరికి అల్లం పెసరట్టు, సాయంత్రానికి మిరపకాయ బజ్జీలు. ఒక్క సందులో ఇరవై రెండు కొట్లు. ఇక్కడ రెండు పునుగులు నోట వేసుకుని, అక్కడ ఒక గారె విరుచుకుని, చివరికొచ్చి చెరుకురసం తాగి త్రేన్చడం ఈ ఊరివాళ్ళకి పాత సరదా. ఈమధ్య కుర్రకారు దీన్ని ఫుడ్ స్ట్రీట్ అంటున్నారు. అననివ్వండి. మా నోట ఎప్పటికీ గరిటెస్వామి సందే.

సందు నడుమ, కాఫీ హోటలుకీ మినపరొట్టెల కొట్టుకీ మధ్య స్వామి గుడి ఉంది. గోపురం కోసం వెతక్కండి, అది నాలుగడుగుల గది. లోపల విగ్రహం లేదు. పొగచూరిన పొయ్యిరాయి మీద ఒక ఇనుప గరిటె నిటారుగా నిలబడి ఉంటుంది. రాయికి కన్నం లేదు, గరిటెకి ఆనుడు లేదు. నమ్మకం కుదరనివారు వంగి చూసుకోవచ్చు గాని చెయ్యి పెట్టకండి. చెయ్యి పెట్టినవాళ్ళ సంగతి అడిగితే నోటితో చెబుతాను, పుస్తకంలో రాయను. గరిటెకి ఎదురుగా ఒక చెక్క బల్ల ఉంది. దానిమీద మగవాళ్ళు కూర్చోరాదు.

ఈ చిన్న పుస్తకం రాయమని సందు వర్తకులు నన్నే అడగడానికి కారణాలు రెండు. నేను ముప్పై ఏళ్ళు తెలుగు పంతులుగా పనిచేయడం ఒకటి. ఆనాడు జరిగింది కళ్ళారా చూసిన దాలినాయుడికి మనవణ్ణి కావడం రెండోది. మా తాత కోతలు కోసే మనిషి కాదు. సాంబారులో ఉప్పు తక్కువైతే గిరాకీ ముందే ఒప్పుకునే రకం. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ ఇన్ని కొట్లు లేవు. గోదావరికి రైలు వంతెన ఒక్కటే ఉన్న రోజులవి. సందులో నాలుగే పొయ్యిలు. మా తాత పెసరట్ల హోటలు వాటిలో ఒకటి. ఊళ్ళో తక్కిన పేటల్లో అక్కడొకటి ఇక్కడొకటి పూరి పాకలు, బల్లల హోటళ్ళు ఉండేవి. కాలికి బలపం కట్టుకుని వాటన్నిటినీ తిరిగిన మహానుభావుడు ఓగిరాల చయనులు గారు. తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఏ పేటలో కొత్త పొయ్యి రాజుకున్నా మొదటి వాయికి ఆయన అక్కడ ఉండవలసిందే. గారె విరిచి చూసి, పప్పు ఎంతసేపు నానిందో చెప్పేవారట. ఆయన "భేష్" అంటే ఆ కొట్టు నిలబడ్డట్టే. "ఊఁ" అని ఊరుకుంటే మాత్రం కొట్టువాడికి ఆ రాత్రి నిద్రపట్టేది కాదు.

ఆయన భార్య పేరిందేవి గారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఒక్కసారి అడిగిందట.

"ఊరంతా తిని వచ్చి నాకు ఊరిస్తూ చెబుతారు. నన్నూ ఒక్కసారి తీసుకెళ్ళకూడదుటండీ?"

"సంసారుల ఆడవాళ్ళు హోటలు బల్ల మీద కూర్చుంటారటే? చాల్లే, ఎవరైనా వింటే నవ్విపోతారు" అని ఆయనే ముందు నవ్వేశారు.

ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నలభై రెండేళ్ళపాటు ఆయన తిని వచ్చి వర్ణించడం, ఆవిడ విన్నది విన్నట్టు వండి, పక్కన నిలబడి వడ్డించడం, ఆయన లేచాక మిగిలింది ఆవిడ తినడం. ఇదీ వారి కాపురం. చయనులు గారు చెడ్డవారు కారు. చేయి చేసుకున్న మనిషి కాదు, గొంతెత్తిన మనిషి కాదు. అలాగని మంచివారని రాద్దామంటే నాకు కలం సాగడం లేదు.

ఒక ఆషాఢంలో ఆయన బజారు నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు. ఆవిడ చెంబుతో వచ్చేసరికి ప్రాణం లేదు. పిల్లలు లేరు కనుక అన్నగారి కొడుకు సీతాపతి కర్మ చేశాడు. పదోరోజున రేవులో పిండం పెట్టి కాకుల్ని పిలిచారు. కాకి ముట్టలేదు.

దూరప్రాంతాల భక్తుల కోసం ఒక మాట. పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయిందని మన పెద్దల నమ్మకం. అది తీర్చి, ఆ పొద్దు వాలేలోపు కాకి చేత ముట్టించాలి. లేదంటే ఆ జీవుడు ముందుకూ పోలేక, వెనక్కీ రాలేక తిరుగుతూనే ఉంటాడు.

"తిండి మీద మక్కువ ఉన్న మనిషి కదా! ఏ హోటలు వంటకం మీదో మనసు ఉండిపోయి ఉంటుంది" అన్నారు పురోహితులు సోమయాజులు గారు. అందరికీ అదే సబబుగా తోచింది. సీతాపతి సైకిలెక్కి ఊరంతా తిరిగాడు. ఇన్నీసుపేట నుంచి గారెలు, కోట దగ్గరి నుంచి బజ్జీలు, స్టేషను దగ్గరి నుంచి పూరీలు తెచ్చాడు. వచ్చినవి వచ్చినట్టు గోదావరి నీళ్ళు చల్లి, శుద్ధి చేసి ఆకులో పెట్టారు. కాకులు రేవు గోడ మీద వరసగా కూర్చుని చూశాయి. ఒక్కటీ దిగలేదు. ఒక్కటీ అరవలేదు కూడా.

చివరికి సీతాపతి మా తాత హోటలుకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. మనిషి పాలిపోయి ఉన్నాడు.

"పిన్నీ, బాబాయి అక్కడే ఉన్నాడంటున్నారు" అన్నాడు.

మా తాత అతనికి చెప్పింది ఇది. చయనులు గారు పోయిన మూడోనాటి నుంచీ, సరిగ్గా ఆయన వచ్చే వేళకి, మూలబల్ల దగ్గర ఎవరో కూర్చున్నట్టు చెక్క కిర్రుమనేది. "రెండు ప్లేట్లు, ఒకటి ఎదురుగా" అని వినిపించేది. మొదటినాడు మా తాత గిరాకీ అనుకుని తల తిప్పకుండానే రెండు పెసరట్లు వేసి పంపాడు. చూస్తే బల్ల దగ్గర ఎవరూ లేరు. చెక్క కిర్రుమన్న వైపు ప్లేటులోది నిమిషంలో చల్లారిపోయింది. నోట్లో పెట్టుకుంటే ఉప్పు లేదు, కారం లేదు, తడిపిన కాగితం నమిలినట్టుంది. దాన్ని కుక్కకి వేస్తే వాసన చూసి తోక ముడిచి పోయింది. ఎదుటి ప్లేటు మాత్రం చల్లారలేదు. పొద్దున పెట్టింది దీపాల వేళకీ పొగలు కక్కుతూనే ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వారం రోజులుగా ఇదే వరస.

"రెండా?" అని అడిగారు పేరిందేవి గారు. "ఆయన ఎప్పుడూ ఒకటే కదా తినేది?"

"ఒకటే, పిన్నీ. రెండోది ఎదురుగా పెట్టమంటున్నాడట."

ఆవిడ చెంగు బిగించి లేచారు. సోమయాజులు గారు అడ్డం వచ్చారు.

"అమ్మా, వద్దు. ప్రేతం చెప్పి పెట్టించిన కూడు తిన్నవాళ్ళు దాని వెంటే పోతారు. అది కోరిక కాదు తల్లీ, పిలుపు."

"కొత్త పెళ్ళికూతుర్నై అడిగిన రోజున పిలవలేదు. ఇప్పుడా పిలవడం!" అన్నారావిడ. అని, సీతాపతి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నాకు చచ్చేంత భయంగా ఉందిరా. కాని ఆయన కాకి కూడా ముట్టని బతుకై ఆ బల్లల చుట్టూ తిరుగుతుంటే, నేను ఇంట్లో కూర్చుని ముద్ద ఎలా మింగనూ?"

మైలబట్టతో, చెప్పుల్లేని కాళ్ళతో మిట్టమధ్యాహ్నం ఆవిడ ఈ సందులోకి వచ్చారు. ఆమె కంటే ముందే కాకులు వచ్చేశాయి. మా హోటలు పెంకుల మీద నల్లగా కమ్మేసి, తలలన్నీ కిందికి వంచి, కిక్కురుమనకుండా కూర్చున్నాయి. లోపల తింటున్నవాళ్ళు ఆకులు వదిలేసి గోడలకి అంటుకుపోయారు. మా తాత ఒక్కడే పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

ఆవిడ మూలబల్లకి ఎదురుగా కూర్చున్నారు. ముందు ప్లేటులో పెసరట్టు పొగలు కక్కుతోంది. అది దానంతట అది నాలుగు వేళ్ళ మేర ఆవిడ వైపు జరిగింది. గోడ దగ్గర ఎవరో "నారాయణా" అన్నారు. ఆవిడ చెయ్యి చాచి, ప్లేటు దాకా తెచ్చి, ఆపేశారు.

"ఇది మీకు ఇష్టం. నాకు కాదు" అన్నారు.

ప్లేటు మీద ఆవిరి ఊదేసినట్టు ఆగిపోయింది.

"నలభై రెండేళ్ళు మీరు కూర్చున్నారు, నేను నిలబడ్డాను. ఇవాళ నేను కూర్చుంటాను. లేవండి. లేచి వడ్డించండి."

బరువైన మనిషి లేస్తే మూలిగినట్టు ఎదుటి బల్ల మూలిగింది. పొయ్యి పక్కనున్న ఇనుప గరిటె గాలిలోకి లేచింది. దాన్ని పట్టుకున్న చెయ్యి మా తాతకి కనబడలేదు. గరిటె సాంబారు గంగాళంలో మునిగి, తేలి, ఆవిడ ముందుకు వచ్చింది. ఆవిడ తల అడ్డంగా ఊపారు. కొబ్బరి పచ్చడి తెచ్చింది. కాదన్నారు. ఉప్మా తెచ్చింది. కాదన్నారు. నాలుగోసారి గరిటె ఎటూ పోలేదు. నడిమధ్యన ఆగి వణికింది.

"ఊళ్ళో ప్రతి పొయ్యి రుచీ ఎరిగిన మనిషిరా! పెళ్ళానికి ఏది ఇష్టమో తెలియదు. ఆ గరిటె వణుకు చూస్తే దయ్యమన్న భయం పోయి నాకే సిగ్గేసింది" అనేవాడు మా తాత. ఆ మాట అన్నప్పుడల్లా మా నాయనమ్మ వైపు చూసేవాడు కాదు.

"తెలియకపోతే అడగండి" అన్నారు పేరిందేవి గారు. "అడగడం తప్పు కాదు."

 పొయ్యిలో కట్టె చిటపటలాడటం ఆగిపోయింది. అప్పుడు నీళ్ళు లేక ఎండిన గొంతుతో, బల్లకి అవతలి నుంచి మాట వచ్చింది.

"ఏం కావాలి?"

పదిరోజులుగా కన్నీటి చుక్క రాల్చని మనిషి గొల్లుమన్నారు. అక్కడున్న మగవాళ్ళంతా తలలు దించుకున్నారు. ఏడిచి, కొంగుతో మొహం తుడుచుకుని ఆవిడ చెప్పారు.

"మినపరొట్టె. అందులోనూ అడుగున ఎర్రగా కాలిన పెచ్చు. రొట్టె కాల్చిన ప్రతిసారీ పెచ్చంతా మీకు పెట్టేసి మెత్తటిది నేను తిన్నాను. ఆ పెచ్చంటే నాకు ప్రాణం."

మా తాత పక్క కొట్టుకి పరిగెత్తి, నిప్పుల మీదున్న మినపరొట్టెని గిన్నెతో సహా తెచ్చి బల్ల మీద పెట్టి, ఆవిడ ముందు ఆకు వేశాడు. గరిటె గిన్నె అంచు వెంట తిరిగింది. ఎర్రటి పెచ్చుని చెక్కుచెదరకుండా ఊడదీసి ఆవిడ ముందున్న ఆకులో ఉంచింది. ఆవిడ తొందర లేకుండా, కరకరమని చప్పుడయ్యేలా తిన్నారు. "ఇంకొంచెం" అన్నారు. గరిటె ఇంకొంచెం పెట్టింది.

"చాలు. బాగుంది" అన్నారు చివరికి. "నేను మీ వెంట రాను. నాకింకా తినాలని ఉంది. మీరు వెళ్ళండి."

మనం ఎవరినీ వెళ్ళమనం, వెళ్ళిరమ్మంటాం. ఆవిడ వెళ్ళమనే అన్నారు.

గరిటె వెనక్కి తిరిగి పొయ్యిరాయి మీద దిగి నిటారుగా నిలబడిపోయింది. పెంకుల మీది కాకులన్నీ ఒక్కసారిగా అరిచి లేచాయి, సందంతా చీకటైనట్టయిందట. సీతాపతి రేవుకి పరిగెత్తేసరికి పిండం పెట్టిన ఆకు కడిగినట్టుంది.

ప్రేతం తన ఇష్టంగా పెట్టించింది తిని ఉంటే ఆవిడ కూడా వెంట పోయేవారనీ, బతికున్న మనిషి నోరు తెరిచి తనకి కావలసింది అడిగి తిన్నది కనుక ఇద్దరికీ విముక్తి దొరికిందనీ సోమయాజులు గారే తరవాత ఒప్పుకున్నారు. గరిటెని తీయబోయిన ఇద్దరి సంగతి పైన రాయనన్నాను, ఇక్కడా రాయను. మా తాత పొయ్యి పక్కకి జరుపుకుని, ఆ రాయి చుట్టూ గోడ లేపాడు. పేరిందేవి గారు మరో పంతొమ్మిదేళ్ళు బతికారు. వారానికో హోటలు చొప్పున ఊళ్ళో ప్రతి బల్ల మీదా కూర్చుని తిన్నారు. నవ్వినవాళ్ళు నవ్వారు, ఆవిడ పట్టించుకోలేదు.

నేటికీ ఆషాఢ బహుళ దశమి నాడు ఈ సందులో ఏ కొట్టులోనూ మగవాళ్ళకి వడ్డన ఉండదు. ఆడవాళ్ళు కూర్చుంటారు. వెంట వచ్చిన భర్త గాని, కొడుకు గాని, అన్నదమ్ముడు గాని నిలబడి వడ్డించాలి. గరిటె పట్టేముందు "ఏం కావాలి?" అని అడగాలి. జవాబు వచ్చేదాకా నోరు మెదపరాదు, ఫలానాది బాగుంటుందని సలహా చెప్పరాదు. మొక్కుబడిగా కాక మనసుతో ఇది చేసినవారి ఇంట పొయ్యి చల్లారదనీ, వారి పితృదేవతలు ఆకలితో తిరగరనీ నమ్మకం. గుళ్ళో కొబ్బరికాయ కొట్టక్కర్లేదు, హారతి అక్కర్లేదు.

కిందటేడు మండపేట నుంచి ఒక ముసలి దంపతులు వచ్చారు. ఆయన గరిటె పట్టుకుని అడిగారు. "మీకేది బాగుంటే అదేనండీ" అందావిడ. అది జవాబు కాదమ్మా అని నేనే చెప్పాను. ఆవిడ బల్ల మీద గీతలు గీసింది. చివరికి "నాకు తెలియదండీ, నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు" అని ఏడ్చేసింది. ఆయనకి కాళ్ళ నొప్పులు, అయినా కూర్చోలేదు. ఇద్దరూ సందు ఈ చివరి నుంచి బయలుదేరారు. ఆవిడ ఒక్కో కొట్టు ముందు కూర్చుని ఒక్కోటి రుచి చూస్తోంది, తల అడ్డంగా ఊపి లేస్తోంది, ఆయన వెనకే నడుస్తున్నారు. పదహారో కొట్టు దగ్గర ఆవిడ నోట్లో పెట్టుకున్నది మింగకుండా ఆగి, ఆయన మొహంలోకి చూసి, "ఇదండీ" అంది.